వాసన ఆరాలె

దేవరకద్ర మార్కెట్ యార్డుల
పల్లికాయ కుప్ప పక్కన కూసున్న,
ఒళ్లె ల్యాప్‌టాప్.
తెర మీద నా చీమలు రెండొందలు
నిన్ననే ఒడిసిన గింజ కాడికి
ఇంకా బారులు కడుతున్నయి.
మూడు రాత్రులాయె, తప్పు దొరుకుతలేదు.

ఊశమ్మ "కాలు తియ్యి బిడ్డా" అని
ఒక్క ఊడుపు ఊడ్సింది.
నేల మీది చీమల బాట తెగింది.
కొంచెం సేపు మీసాలు తాకిచ్చుకున్నయి,
ఏ పెద్దచీమా వచ్చి చెప్పలే.
ఒకటి పక్కకు మళ్లింది,
దాని వెనక ఇంకోటి.
గోనెసంచి కింద కొత్త పలుకు.

నా చీమలకు వాసన నేర్పిన,
ఆ వాసన ఆరుడు నేర్పలే.

సున్నా పక్కన చుక్క పెట్టి
ఒక అయిదు కొట్టిన.
తెల్లారి చూస్తే నూటతొంభై ఆగమైనయి.
పది మాత్రం ఏడికో పోతున్నయి,
ఏడికో నాకూ తెల్వదు.
నోటుబుక్కు మొదటి పేజీల తారీఖు ఏసిన.