ఎద్దుగుండె

గుర్రప్పందేల మంగళవారం దాటేదాకా
నారు నేలలో పెట్టొద్దంది
పక్కింటి మొరీన్ ట్రెగెంజా.
"బల్లరట్ మంచుకి క్యాలెండరు తెలీదు,
నవంబరులో కూడా వచ్చి నెత్తిన కూర్చుంటుంది"
అంటూ, కాగితపు రుమాలుకి అంటుకుపోయిన
పదకొండు గింజలు నా చేతిలో పెట్టింది.

ఆక్స్‌హార్ట్ అట దాని పేరు.
నేను ఎద్దుగుండె అన్నాను.
మా అమ్మమ్మ వింటే
రామములక్కాయకి ఇంత మొరటు పేరేమిటే అని
పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

పదకొండులో ఏడు మొలిచాయి.
రెండు నత్తలపాలు,
ఒకటి నా అతిప్రేమ పాలు, నీళ్ళు ఎక్కువై.
మిగిలిన నాలుగూ
బట్టలుతికే గది కిటికీలో వెలుతురుకి మెడలు సాచి
తెల్లగా, దారప్పోగుల్లా.
ఇవేం బతుకుతాయి?
ఆ మాట పైకి అనలేదు.
ఒకప్పుడు నా ముందు ఒకరు
ఆ మాటే అనబోయి, నా ముఖం చూసి ఆగారు.

కాండాన్ని సగందాకా పాతెయ్యమంది మొరీన్.
మట్టి తగిలిన చోటల్లా వేళ్ళొస్తాయట.
మెడలోతు పాతేటప్పుడు చేతులు వణికాయి గానీ
పాతాను.

పెద్దకాయ రకానికి తొందరుండదు.
పక్క మడిలో చిట్టి టమాటాలు గుప్పెళ్ళకొద్దీ పండి
పిల్లల జేబుల్లో చితికిపోతుంటే
ఇది పూసేది, రాల్చేది, మళ్ళీ పూసేది.
జనవరిలో ఒకే ఒక్క రోజు, నలభై డిగ్రీల వడగాలి.
పూతంతా దానికే సమర్పించుకుంది.
నిలిచిన కాయల్లో కొన్నిటికి అడుగు నల్లబడింది,
కొన్ని నేను నీళ్ళు మర్చిపోయిన రోజుని గుర్తుపెట్టుకుని
తొడిమ చుట్టూ పగిలాయి.
ఇక రాత్రుళ్ళు పాసమ్.
ప్రతి కాయా ఒక్క కొరుకు కొరికి వదిలేసేది,
పెళ్ళివంటలు రుచి చూసే పెదనాన్నలా.

ఒకటి మిగిలింది, కంచె మూల.
కొమ్మ వంగిపోతుంటే
నా పాత పొడుగు మేజోడు కత్తిరించి ఊయల కట్టాను.
వాహిని బడినించి రాగానే
సంచి కూడా దించకుండా దాని దగ్గరికే.
"ఊపనా?"
"వద్దు. ఉండనీ."

ఏప్రిల్ మొదటివారం. భుజాలింకా పచ్చగానే ఉన్నాయి.
రాత్రికి మంచు అంది రేడియో.
కోసేశాం.

వంటింటి త్రాసు మీద వాహినే పెట్టింది.
అంకెలు కాసేపు తడబడి నిలబడ్డాయి.
"ఆరువందల నలభై!"

నేను కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.
మెల్‌బోర్న్‌లో, ఎనిమిదేళ్ళ కిందట,
గాజుపెట్టె పక్కన నిలబడి ఒక నర్సు
సరిగ్గా ఇదే అంకె రాసుకుంది.
నా పెళ్ళి ఉంగరం దాని చేతికి
గాజులా మోచేతిదాకా వెళ్ళింది.
టోపీ, ఒక నారింజపండుకి సరిపోయేది.
ఆ డెబ్భై తొమ్మిది రోజులూ
నేను చేసిన పని కాపలా ఒక్కటే.

"అమ్మా, ఇది చాలా బరువు కదా?"
"చాలా" అన్నాను.
రెండు చేతుల్తో తలమీదికి ఎత్తి చూపించింది.
గోళ్ళ నిండా మట్టి.

కోస్తే అంతా గుజ్జే, గింజలు తక్కువ.
ఉప్పూ కారం చల్లి నిలబడే తిన్నాం.
మొరీన్ వాటా కంచె మీదుగా వెళ్ళింది,
కారం లేకుండా.

దొరికిన గింజలు పదమూడు.
కాగితపు రుమాలు మీద వరసగా పరిచి
వాహిని పెన్సిలుతో పేరు రాసింది,
ఆదివారం తెలుగుబడి అక్షరాలతో,
నాలిక బయటపెట్టి, ఒత్తి ఒత్తి.
ద కింద వత్తు మర్చిపోయింది.

ఎదుగుండె.

దిద్దబోయి, రబ్బరు మళ్ళీ డబ్బాలో పడేశాను.

ఆ రాత్రి మంచు పడనే లేదు.