దీర్ఘం

నెల్లూరు సెమినరీలో తెల్లారుజామున
ఫాదర్ శౌరయ్య బోర్డు మీద రాశాడు:
లెగో, లెగెరె, లేగి, లెక్తుం.
వెనక బెంచీలో నేను సగం నిద్రలో ఉన్నాను.
"లెగెరె" అన్నాడు గట్టిగా.
లేచి నిలబడ్డాను.

ఎందుకు లేచావంటే ఏం చెప్పను?
టంగుటూరులో మా అమ్మ ఆరోగ్యమ్మ
రోజూ నాలుగింటికి అనే మాటే అది,
అచ్చులు కాస్త తేడా:
"లెగరా, బ్యారన్ కాడికి పోవాల."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
"చదవడం అని రాసుకోండి,
కానీ అది తర్వాతొచ్చిన అర్థం.
పుస్తకాలు లేనప్పుడే ఈ మాటుంది. ముందు ఏరడం.
రాలిన కాయలు ఏరడం,
చితి చల్లారాక ఎముకలు ఏరడం.
మన రామాయపట్నం వాళ్ళలా
ఒడ్డు వదలకుండా పడవ నడపడం కూడా ఇదే.
దొంగ చేతివాటమూ ఇదే.
కలెక్టరులో ఉంది, ఎలక్షన్‌లో ఉంది,
మీకు నిద్ర తెప్పిస్తున్న లెక్చర్‌లోనూ ఉంది."

శనివారం పరీక్ష. మాతెర్ లెగిత్.
అందరూ 'అమ్మ చదువుతోంది' అని రాశారు.
నాకు చెయ్యి రాలేదు.
సంతకం చోట మా అమ్మ వేలు పెట్టేది,
ఆ ముద్రలో సిరాకన్నా పొగాకు జిగురే ఎక్కువ.
గ్రేడింగ్ షెడ్డులో మాత్రం
ఒక్కో ఆకూ వెలుతురుకి పట్టుకుని
ఈనె చూసి, మచ్చ చూసి,
ఏ రాత్రి మంట తగ్గిందో,
కాపలా ఉన్నోడు ఎప్పుడు కునుకు తీశాడో చెప్పేసేది.
నిమ్మపండు రంగు ఇటు, మాడింది అటు,
పచ్చ దిగనిది ఒళ్ళోకి.

'అమ్మ ఏరుతోంది' అని రాశాను.
మార్కులేశాడు. పక్కన ఎర్ర సిరాతో: ఏమి?
ఆకు, ఫాదర్.
"పుట అని కూడా కదా, ఆకంటే" అన్నాడు.

ఇంకోటి కూడా చెప్పాడు ఆ రోజు,
నేను సరిగా వినలేదు:
లెగిత్ అంటే ఏరుతోంది.
దీర్ఘమిస్తే, లేగిత్, ఏరింది. అయిపోయింది.
వాళ్ళ రాతలో ఆ తేడా కనపడదు, చెవికే తెలియాలి.
మనకైతే ఎత్వం, ఏత్వం.

నేను ఫాదర్ని కాలేదు.
సింగరాయకొండ బళ్ళో తెలుగు చెబుతున్నాను,
గుణింతాలు దిద్దిస్తున్నాను.

మొన్న చలికాలం అమ్మ పోయింది.
చీమకుర్తి రాయి తెప్పించాను.
పేరు చెక్కే మస్తానయ్య కాగితం తిప్పి తిప్పి చూశాడు.
"ఇదేం భాష సారూ? లెగిత్తా, లేగిత్తా?
దీర్ఘం ఉండాల్నా?"

వెంటనే చెప్పలేకపోయాను.
ఉండాల, అన్నాను.

ముందు ఎత్వం చెక్కి
టీ తాగొస్తానని పోయాడు.
అతనొచ్చిందాకా
రాతి మీద అమ్మ
ఏరుతూనే ఉంది.