తరుగు

నలభై ఏండ్లు కమ్మచ్చు బెజ్జాలల్ల నుంచి
వెండిని గుంజిన.
వెంట్రుకంత తీగ తీసుట్ల
కరీంనగర్ల నన్ను మించినోడు లేడని విర్రవీగిన.
కుంపట్ల నుంచి రవ్వ ఒకటి పాదం మీద పడ్డది.
షుగరు కాలు గదా, తెలువనే లేదు.
తెలిసేటాల్లకు చిటికెనవేలు
నాది కాకుండ పోయింది.

మిగిలిన పుండుకు పసుపు అయింది, పసరు అయింది.
చీము మాత్రం రోజూ వచ్చేది,
కిరాయి వసూలుకు వచ్చినట్టు.

అప్పుడొచ్చింది వరంగల్ నుంచి ఆ పిల్ల, తబస్సుమ్.
చేతుల చిన్న సీసా,
తేనె రంగు నీళ్లు.
"ఇండ్ల వెండి ఉన్నది, తాతా" అన్నది.
నవ్విన.
వెండి తెల్లగుంటది బిడ్డా, నాకు చెప్పకు,
రాయి మీద గీకి కల్తీ చెప్పేటోన్ని.
"మరీ సన్నగైతే దాని రంగే మారుతది" అన్నది.
వెంట్రుకను నిలువున వేల పోగులు చీలిస్తే
అండ్ల ఒక పోగంతనట ఒక్కొక్క నలుసు.
నోరు మూసుకున్న.
నా కమ్మచ్చుకు అంత చిన్న బెజ్జం లేదు.

జమ్మికుంట పత్తి, రొయ్యపొట్టు నుంచి తీసిన బంక,
ఆ బంక పట్టి ఆపిన వెండి.
ఎంత కలిపినవని అడిగిన, అలవాటు.
"గురిగింజల నూరో వంతు గూడ కాదు.
ఎక్కువేస్తే పురుగుతో పాటు
కొత్త తోలును గూడ చంపుతది."
అవును,
టంకం ఎక్కువైతే పువ్వు పూడిపోతది.
పని నేర్వొచ్చిన పోరగాండ్లకు అదే చెప్పేది.

ఫోన్ల ఫోటో చూపెట్టింది:
గాజుపళ్లెం నిండ నా పుండుల పురుగు, మబ్బు పట్టినట్టు.
నడుమ పైసంత బట్టముక్క.
దాని చుట్టూ ఏమీ లేని ఒక వలయం.
ఎన్ని ఉంగరాలు చేసిననో లెక్క లేదు,
అంత గుండ్రంది ఒక్కటి కాలె.

పందొమ్మిదో రోజు సిస్టర్ సలోమి కట్టు ఇప్పింది.
అంచు పొంటి గులాబి రంగు, గోరంత.
నడుమ ఇంక గుంటనే.
ఇంకెన్ని రోజులో ఆ పిల్ల చెప్పలే, నేను అడగలే.

పాత కట్టు పసుపు సంచిల వేస్తుంటె
చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.
దుకాణం ఊడ్చిన దుమ్మును కడిగి
రవ్వ రవ్వ ఏరిన చెయ్యి అది.
"ఇటియ్యి బిడ్డా, అండ్ల వెండి ఉన్నది."
సలోమి నవ్వింది.
"ఎక్కడిది పెద్దయ్యా? సగం నీ కాలే తిన్నది."

ఉన్నన్ని రోజులు తరుగు కట్టి
గిరాకీల దగ్గర వసూలు చేసినోన్ని.
ఈ తరుగు ఎవరి ఖాతాల రాయాలె?