లాకులు

ముందు నీ చేతుల గురించి చెప్పాలి జకరయ్యా.

ఏడుగురికని బయానా పుచ్చుకుని
నలుగురినే వ్యానెక్కించేవాడు మా పార్టీ ఓనరు.
మిగతా ముగ్గురూ నీ గిటార్లో ఉండేవారు.
వీణ కావాలంటే
తీగని పక్కకి లాగి గమకం పిండేవాడివి.
సన్నాయి కావాలంటే
అమృతాంజనం సీసా తీగ మీద జార్చేవాడివి.
తబలా సూరన్న తాగి పడిపోయిన రాత్రి, అంబాజీపేటలో,
గిటారు పొట్ట మీదే దరువేశావు.
పెళ్ళివారంతా బంతి భోజనాలకి లేచిపోతే
ఖాళీ కుర్చీల కోసం కూడా
నీ బొటనవేలు లావు తీగ మీద
కాలవలా నడుస్తూనే ఉండేది.

నేనో, ఒక్క గొంతుని.
అమ్మాజీ అంటే ఐదున్నర శ్రుతి.
పద్యనాటకాల హార్మోనియం మీద
మా నాన్న నల్లమెట్టు చూపించి
"ఇది నీ ఇల్లు, దిగకు" అన్నాడు
నాకు పన్నెండేళ్ళప్పుడు.
దిగలేదు.
దిగలేదనే అనుకున్నాను.

మా మధ్య ఏముందని చాలామంది అడిగారు.
మైకు స్టాండు ఉండేది.
నేను గుక్క తిప్పుకోవాల్సిన చోట
నీ ఎడమ కనుబొమ లేచేది.
సఖినేటిపల్లి రేవులో తెల్లారగట్ల
పంటు కోసం కాచుకుని
ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తిన్నాం,
వంద రూపాయల తేడాకి
పంటు దిగేదాకా పోట్లాడుకున్నాం.
అంతే, ఇరవై రెండేళ్ళు.

మొన్న మాఘంలో నీకు జ్వరం.
భీమవరం నుంచి ఎవరో కుర్రాడొచ్చాడు,
మెరిసే గిటారు, కాళ్ళ దగ్గర మీటల పెట్టెలు.
"స్కేలెంతండీ మేడమ్?"
"ఐదున్నర. అది కూడా అడగాలా?"
పల్లవి ఎలాగో ఒడ్డెక్కింది.
చరణంలో, పై షడ్జం దగ్గర,
చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు
గొంతు జారింది.
ఐస్‌క్రీం తింటున్న పిల్ల ఒకతి
పుల్ల నోట్లోనే ఉంచుకుని నన్ను చూసింది.

తర్వాత కుర్రాడు మెల్లగా అన్నాడు:
"మీ వీడియోలన్నీ విని వచ్చానండీ.
పాతవి ఐదున్నరే. తర్వాత ఐదు.
పోయినేడాదివి నాలుగున్నర.
మీరు ఐదున్నరంటే ఎదురు చెప్పలేకపోయాను."

ఏ ఊళ్ళో, ఏ రాత్రి,
నేను జడలో కనకాంబరాలు సర్దుకుంటుండగా
ఆరు బిరడాలూ వెనక్కి తిప్పావు?
కీబోర్డు వాడికి ఏ కన్నుతో సైగ చేశావు?

చిన్నప్పుడు నాటకాల పడవలో
లొల్ల లాకుల దగ్గర ఆగేవాళ్ళం.
వెనక తలుపులు మూసేవారు.
ముందు తలుపులు తెరిచేవారు కాదు.
నేను తెరల మూట మీద కూచుని
సత్యభామ అద్దంలో మొహం చూసుకునేదాన్ని.
తలెత్తేసరికి రాతిగోడలు ఇంతెత్తున.
"గోడలు పెరిగాయి నాన్నా!"
"మనం దిగామే, పిచ్చిమొహమా."
కుదుపు లేదు. మూటలో గజ్జె కూడా మోగలేదు.

మర్నాడు చించినాడ వచ్చాను, తిట్టడానికే.
దుప్పటి కప్పుకుని
తీగలకి కొబ్బరినూనె రాస్తున్నావు.
"మా నాన్న ఇచ్చిన ఇల్లు
నాతో చెప్పకుండా అమ్మేశావు" అన్నాను.
"జావ తాగుతావా?" అన్నావు.
చాలాసేపటికి,
"జనం పాట వింటారమ్మాజీ, నంబరు వినరు."
జావ చల్లారేదాకా నీతో మాట్లాడలేదు.

పై వారం ముమ్మిడివరం.
స్టేజీ వెనక, నా నోటితో నేనే అన్నాను:
"నాలుగు పెట్టు."
తలూపి బిరడాలు తిప్పి మీటావు.
ఇన్నేళ్ళకి మొదటిసారి చెవొగ్గి విన్నాను.
నాలుగు కాదది. నాలుగున్నర.
కోపంగా నీ వైపు తిరిగాను.

ఎడమ కనుబొమ లేచింది.
గుక్క తీసుకున్నాను.