మూడు దగ్గర పంక్చర్

మలక్‌పేట కాలేజీ సాయంత్రం బ్యాచిలో
పదకొండేళ్లుగా ఇదే చెబుతున్నాను:
ముందు కింద చూడండి, తర్వాతే పైన.
హారం సున్న అయ్యే చోటు వెతకండి,
ఆ చోటుని ప్రదేశంలోంచి తీసేయండి.
మెళ్లో వేసుకునే హారం కాదు రాజమణీ, నవ్వకు,
ఇది పైవాణ్ణి మోసే హారం.
కింద నేలే లేకపోతే లవం ఎంతుండి ఏం లాభం?

బోర్డు మీద ఎక్స్ వర్గం మైనస్ తొమ్మిది,
కింద ఎక్స్ మైనస్ మూడు.
పిల్లలు సంబరంగా కొట్టేశారు, పైనొకటి, కిందొకటి.
మిగిలింది ఎక్స్ ప్లస్ మూడు. తిన్నటి గీత.
"ఇంక అన్ని సంఖ్యలూ వస్తాయి మేడం!"
ఎర్ర చాక్‌పీసుతో
మూడు మీద, ఆరు ఎత్తున, ఖాళీ సున్న చుట్టాను
ఎప్పట్లాగే, గబగబా.

చివరి బెంచీలో ముజమ్మిల్ లేచాడు.
గోళ్లలో గ్రీజు, కళ్లలో నిద్ర.
"కొట్టేసినంక గూడ మూడు ఎందుకొద్దు మేడం?
గీత మంచిగనే పోతుంది గద?"
కొట్టేసే ముందే చూడాలి బాబూ, అన్నాను.
రూలు, అన్నాను.
బెల్లు కొట్టారు.

గురువారం వాన.
చాదర్‌ఘాట్ వంతెన దిగేసరికి నా పాత స్కూటీ వెనక టైరు
రోడ్డుకి అంటుకుపోయింది.
తోసుకుంటూ పోతే టార్పాలిన్ కింద అతనే,
వాళ్ల మామ దుకాణంలో, నీళ్ల టబ్బు ముందు.
ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నా చేతికిచ్చాడు.
"చూడుండ్రి, ఏడన్న బొక్క కనవడ్తుందా?"
వేలితో చుట్టూ తడిమాను. నున్నగా ఉంది.
నీళ్లలో ముంచాడు.
ఒక్క చోటు నుంచి సన్నటి బుడగల పోగు.
"గిదే మేడం మూడు.
బుడగ పైకొచ్చి పగిలింది చూడుండ్రి, గది ఆరు.
ప్రదేశంల మూడు పాయె, వ్యాప్తిల ఆరు పాయె."

కాసేపు వాన చప్పుడే విన్నాను.
మరి కొట్టేయడానికి కుదరనిదైతే? అన్నాను, టీచర్ని కదా, ఊరుకోలేను.
పైన రెండు ఎక్స్ ప్లస్ ఒకటి, కింద అదే ఎక్స్ మైనస్ మూడు.
రబ్బరు గీకుతూ ఆలోచించాడు.
"గది పంక్చర్ గాదు, బరస్టు.
మూడు కాడ ఒక ముక్క మీదికి, ఒక ముక్క కిందికి."
వ్యాప్తి?
పాత రసీదు వెనక, తడి వేళ్లతో,
వై చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచాడు:
ఎక్స్ అంటే మూడు వై ప్లస్ ఒకటి, బై, వై మైనస్ రెండు.
"రెండు రాదు మేడం. ఎంత దూరం పోయినా
రెండు పక్కపొంటే పోతది. ముట్టదు."

అతుకు అంటించి సుత్తితో మెల్లగా కొడుతూ అడిగాడు:
"గిప్పుడు మూడుకి ఆరు ఇచ్చినట్టేనా?"
ఇవ్వచ్చు. కానీ అప్పుడది వేరే ప్రమేయం, అన్నాను.
నవ్వాడు.
"వేరే ఏడిది? అదే ట్యూబు మేడం."

ఎనభై రూపాయలు లెక్కపెట్టి తీసుకున్నాడు, రూపాయి తగ్గించలేదు.
కోఠీ దాకా జవాబు వెతుక్కుంటూ పోయాను,
వెనక టైరుని నమ్మి.