ముసుగులో గుద్దులాట

అరేనా పెట్టి అరవై ఏళ్లయిందని
వారం పొడుగునా కుస్తీలు, ప్వెబ్లా నగరంలో.
లాండ్రీ యజమానికి మోకాలి నొప్పని చెప్పాను.
అబద్ధం కాదు, నొప్పి ఉంది.
దాన్ని తీసుకెళ్లి రోజూ మూడో వరుసలో కూర్చోబెట్టాను, అంతే.

సోమవారం కుర్రాళ్లది.
ఎగరడం తప్ప ఏమీ రాదు వాళ్లకి.
ఎగిరితే సరా నాయనా, పడటం నేర్చుకోవాలి.
నీ నడుం విరిగితే
పై మెట్ల మీద బీరమ్మేవాడు చెయ్యి నడుముకి పెట్టుకోవాలి.
మా చెల్లెలి కొడుకు ఎఫ్రేన్ ఒకటే చప్పట్లు.
వంటలో తీపి ఒక్కటే తెలిసిన వయసు.

మంగళవారం బాగాలేదు.

బుధవారం ఆడవాళ్ల పందెం.
నన్నడిగితే వారం మొత్తానికి అదే మేలు.
ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను.
ఉల్లిపాయల రాణి, భుజానికి పట్టీ,
ఆఖరి దెబ్బకి ముందు తాడు పట్టుకుని
ఒక్క క్షణం ఊరికే నిలబడింది.
కొడుతుందా, వదిలేస్తుందా?
నా పక్కావిడ వేరుశనగకాయ నోటిదాకా తెచ్చి ఆపేసింది.
ఆ ఆగడమే కుస్తీ. మిగతాదంతా కసరత్తు.

గురువారం వాన. రేకు కారింది.
తడి మీద ఒకతను జారాడు, నిజంగానే.
నిజంగా పడితే చప్పుడే ఉండదని అప్పుడు తెలిసింది.
మంచివాళ్లూ చెడ్డవాళ్లూ కలిసి మోసుకెళ్లారు.
రెఫరీ కూడా, నలభై ఏళ్లుగా ఏదీ చూడని ఆ గుడ్డి పీనుగ,
మొదటిసారి చూశాడు.

తిరిగొస్తుంటే ఎఫ్రేన్ అడిగాడు:
"ఎవరు గెలవాలో ముందే అనుకుంటారటగా, పెద్దమ్మా?"
గుడ్ ఫ్రైడే ఊరేగింపులో స్వామి ఒంటి మీది నెత్తురు
రంగేనని మీ అమ్మకి తెలీదూ?
మరెందుకురా ఏడుస్తుంది?
వాడు ఫోను చూసుకున్నాడు.

శుక్రవారం.
నోటరీకీ తోకచుక్కకీ, ముసుగుకి ముసుగు.
నల్ల కోటు, నల్ల ముసుగు, చేతిలో రబ్బరు ముద్ర;
ఓడినవాడి గుండె మీద ముద్ర గుద్దే నోటరీని
పందొమ్మిదేళ్లుగా తిడుతున్నాను.
దొంగ సంతకాల వెధవా, విధవల ఇళ్లు మింగినోడా!
మా రమీరోని పూడ్చిన వారం కూడా వచ్చాను.
ఆ కోపమంతా ఇంకెవరి మీద పొయ్యను?
అతను భరించాడు.

ఓడిపోయాడు.
మోకాళ్ల మీద కూర్చుని తాళ్లు విప్పుకున్నాడు.
పేరు ఇలారియో కువాత్లే. ఊరు చోలూలా.
ఇరవై రెండేళ్ల అనుభవం.
ఇస్త్రీ చెయ్యని చొక్కాలా ముడతల నుదురు,
బస్సులో పక్కన కూర్చున్నా గుర్తుండని మొహం.
జనం లేచి చప్పట్లు కొట్టారు, నాణేలు విసిరారు.
నా చేతులు కదల్లేదు.
పందొమ్మిదేళ్లు నేను తిట్టింది ఇతన్నా?

శనివారం వెళ్లలేదు.
మోకాలు నిజంగానే పట్టేసింది.

ఆదివారం అతను ఉత్త మొహంతో వచ్చాడు.
కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.
చేతిలో ముద్ర చూస్తే అచ్చం తాలూకాఫీసు గుమాస్తా.
జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు,
ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు.
పాపం, అంది ఎవరో.

ఆ మాటకి మండింది నాకు.
కుర్చీ మీదికెక్కాను, మోకాలితో సహా.
"దొంగ సంతకాల వెధవా!
మొహం కడుక్కొస్తే పాపం పోతుందా?
విధవల ఇళ్లు మింగినోడా!"

అతను ఆగాడు. తాడు పట్టుకుని
ఒక్క క్షణం ఊరికే నిలబడ్డాడు.
తర్వాత ఆ ముడతల మొహం మెల్లగా, వరుసవరుసగా
చెడ్డదైంది.
ముద్ర ఎత్తి నా వైపే చూపించాడు,
నీ ఇల్లు కూడా రాయించుకుంటానన్నట్టు.

హమ్మయ్య.

ఆ తర్వాత పందెం శుద్ధ దండగ.