మూడొందలోసారి

సీసా మార్చాను. ఇది మూడొందలోసారి.
మొదట్లో ఈ పరాన్నజీవి
తొమ్మిది రోజుల్లో ఆవును కూల్చేది.
ఇప్పుడు గాజులో, గోరువెచ్చగా,
కూటికి వెతుక్కోనక్కర్లేక ఒళ్ళు పెంచింది.

జన్యువులు పోలేదు, లెక్కపెట్టాను.
కోరలన్నీ పుస్తకంలో రాసే ఉన్నాయి.
ఆ పేజీలే తెరవడం లేదు.

బేజా గుట్టల మీద మబ్రూకా
దూడ మెడ పట్టుకుని అడిగింది:
"పోయినేడు నా ఎర్రావును చంపింది ఇదేనా?"
అబద్ధం నోటికి రాలేదు.
"ఇదే. మరిచిపోయింది."

ఆమె పిడుదును రాతి మీద నలిపి
"మరిచినవాళ్ళని ఇంట్లోకి రానిస్తాం గాని
కత్తి మాత్రం దాచిపెడతాం" అంది.

సూది దించాను.
రెండ్రోజులు కాస్త జ్వరం.
మూడోనాడు ఆ దూడ
నా చొక్కా గుండీ నమిలేసింది.